టెక్ సందేహాలు: పేరు తర్వాత, ముందు నంబర్ వెతకండి

ఈసారి వచ్చిన మెయిళ్లలో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి: ఇంట్లో పెద్దవాళ్ల మిలిటరీ సర్వీసు, వాళ్ల మెడల్స్. అందుకే ఫోన్లు, లాప్‌టాప్‌ల ప్రశ్నలు వచ్చే వారానికి పెట్టి ఈ నాలుగే తీసుకుంటున్నాను.

మా తాతయ్య బ్రిటిష్ వాళ్ల కాలంలో మిలిటరీలో చేశారు. బర్మా వెళ్లొచ్చానని అనేవారట. ట్రంకు పెట్టెలో మూడు మెడల్స్ దొరికాయి, నల్లబడిపోయాయి. ఆయన పేరు గూగుల్‌లో ఎన్ని రకాలుగా కొట్టినా ఏమీ రావడం లేదు. ఏ సైట్‌లో వెతకాలి?

సైట్ సంగతి తర్వాత. ముందు ఆ మెడల్స్‌ని చింతపండుతోనో పాలిష్‌తోనో తోమకండి. అంచు మీద అక్షరాలు ఉంటే అవి చాలా పైపైన ఉంటాయి, గట్టిగా రుద్దితే అరిగిపోతాయి. మనకు కావలసినవి ఆ అక్షరాలే.

పేరుతో వెతికితే ఎందుకు రాదంటే, రికార్డుల్లో మనుషుల్ని గుర్తుపట్టేది పేరుతో కాదు, రెజిమెంటల్ నంబర్‌తో, అంటే సైన్యంలో ఒక్కో సైనికుడికి ఇచ్చే నంబర్‌తో. మన పేర్లకైతే మరీ కష్టం. ఇంటిపేరు ముందుంటుంది, ఒక గుమాస్తా దాన్ని పొడి అక్షరం చేస్తాడు, ఇంకొకడు వదిలేస్తాడు, వెంకటస్వామి ఒకచోట ఒకే ముక్కగా, ఇంకోచోట రెండు ముక్కలుగా ఉంటాడు. నంబర్ మాత్రం సాధారణంగా మారదు. అది చేతికొస్తే సగం పని అయినట్టే.

గుండ్రటి మెడల్స్‌కి అంచు చుట్టూ చూడండి, నక్షత్రం ఆకారంలో ఉన్నవాటికి వెనకవైపు చూడండి. గదిలో లైటు ఆర్పి, రెండో ఫోన్ టార్చ్‌ని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు మెడల్‌కి ఆనించినట్టు పట్టండి. చెక్కిన ప్రతి అక్షరానికీ నీడ పడుతుంది. కెమెరాని మరీ దగ్గరికి తీసుకెళ్తే ఫోకస్ కుదరదు, కాస్త దూరం నుంచి రెండింతలు జూమ్ చేయండి. ఫొటోల కన్నా వీడియో మేలు, మెడల్‌ని మెల్లగా తిప్పుతూ తీసి తర్వాత ఒక్కో ఫ్రేమ్ ఆపి చదువుకోవచ్చు. వెలుగు కుడివైపు నుంచి ఒకసారి, ఎడమవైపు నుంచి ఒకసారి. మా పెదనాన్న మెడల్ మీద కుడివైపు వెలుగులో 3 అనుకున్న అంకె ఎడమవైపు నుంచి చూస్తే 8 అని తేలింది. ఆ ఒక్క అంకె తప్పుతో ఉత్తరం పంపి ఉంటే జవాబు ఇంకెవరి గురించో వచ్చేది.

నంబర్ పక్కన రెండు మూడు పొడి అక్షరాలు ఉంటాయి, అవి హోదా. వాటిని వదిలేయకండి, ఆయన ఏ విభాగమో అక్కడే తెలిసిపోతుంది. ఎస్‌పీఆర్ అంటే సాపర్, ఇంజినీర్ల విభాగం. జీఎన్ఆర్ అంటే గన్నర్, ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం. సీఎఫ్ఎన్ అంటే క్రాఫ్ట్స్‌మన్, ఈఎంఈ, అంటే సైన్యం వాహనాలు, యంత్రాలు మరమ్మతు చేసే విభాగం. సిగ్నల్‌మన్, సోవార్ (అశ్వికదళ సైనికుడు) కూడా ఇలాంటివే. సిపాయి అని మాత్రమే ఉంటే ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, దాని వెనకున్న యూనిట్ పేరు చదవాల్సిందే.

ఏమీ లేకపోతే? కంగారు పడకండి, అంతమాత్రాన అవి నకిలీవి కావు. రెండో ప్రపంచ యుద్ధం స్టార్లను బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండానే ఇచ్చింది. మనవాళ్ల వాటిలో పేరున్నవీ లేనివీ రెండూ కనిపిస్తాయి. అప్పుడు మెడల్ ఏదో చూడాలి. స్టార్ మధ్యలో రాజముద్ర చుట్టూ దాని పేరు ఇంగ్లిష్‌లో ఉంటుంది. బర్మా స్టార్ అని ఉంటే తాతయ్య మాట నిజమే, అయితే ఆ స్టార్‌ని కొన్ని తేదీల్లో బెంగాల్, అస్సాంలలో పనిచేసినవాళ్లకూ ఇచ్చారు కాబట్టి దాన్నొక్కదాన్నే చూసి రంగూన్ దాకా వెళ్లారని రాసేయకండి. వెనకవైపు భారతదేశం పటం ఉంటే అది ఇండియా సర్వీస్ మెడల్, యుద్ధకాలంలో మూడేళ్లు దేశంలో పనిచేసిన భారత సైన్యం వాళ్లది. సింహం రెండు తలల డ్రాగన్‌ని తొక్కుతూ ఉంటే వార్ మెడల్, 28 రోజుల సర్వీసుకే వచ్చేది, చాలామందికి ఉంటుంది.

ఇప్పుడు సైట్లు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు, అంటే బ్రిటిష్ పాలన నాటి కాగితాలు, ఉన్నాయి, కానీ వ్యక్తిగత సర్వీసు కాగితాలు ఎక్కువగా ఆఫీసర్లవే. మామూలు సిపాయిల కాగితాలు ఇక్కడే రెజిమెంట్ల దగ్గర ఉండిపోయాయి. అందుకే వంశవృక్షం సైట్లలో ఫ్రీ ట్రయల్ అంటే కార్డు నంబర్ ఇచ్చేసి, ఆ తర్వాత నెలనెలా డబ్బు కట్ అయిందని బాధపడకండి, మీకు కావలసింది అక్కడ ఉండే అవకాశం చాలా తక్కువ. యూనిట్ పేరు తెలిశాక మాత్రం బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఆ యూనిట్ వార్ డైరీ ఉందేమో చూడండి. యూనిట్ ఏ రోజు ఎక్కడుందో అందులో రోజువారీగా రాసి ఉంటుంది. మన నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లోనూ వెతకండి, ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు.

నాన్నగారు ఈఎంఈలో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు లేరు. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. 1971 యుద్ధంలో నాన్న తూర్పు, పడమర సరిహద్దుల్లో ఏ వైపు ఉన్నారో తెలుసుకోవాలని ఉంది. సర్వీస్ రికార్డు ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చా?

డౌన్‌లోడ్ చేసుకునేలా ఎక్కడా పెట్టలేదు. అలా ఇస్తామని ఎవరైనా లింక్ పంపితే తెరవకండి. కానీ మీ పని మిగతావాళ్ల కన్నా తేలిక, ఎందుకంటే మీ దగ్గర పీపీవో, అంటే పెన్షన్ మంజూరు పత్రం ఉంది. అందులో నంబర్, హోదా రెండూ ఉంటాయి.

ఆయన మెడల్స్ ఉంటే అవే సగం జవాబు చెప్తాయి. పూర్వీ స్టార్ ఉంటే తూర్పు వైపు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి వైపు. సంగ్రామ్ మెడల్ రెండు వైపులా ఇచ్చారు కాబట్టి దానితో తేలదు. 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకు ఇచ్చిన 25 ఏళ్ల స్వాతంత్ర్య మెడల్‌ని యుద్ధం మెడల్ అనుకుని పొరపడేవాళ్లు చాలామంది, అదొకటి చూసుకోండి.

మెడల్స్ లేకపోతే రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఈఎంఈది, ఆర్డ్నెన్స్ కోర్ (ఆయుధాలు, సామగ్రి సరఫరా చేసే విభాగం)ది సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌ది బెంగళూరు, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, ఆర్టిలరీది నాసిక్ రోడ్. అమ్మ పేరు మీదే, పీపీవో కాపీ జతచేసి ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇదీ అమ్మ పేరుతోనే పెట్టండి. వేరే వ్యక్తి సొంత వివరాలు అంటూ తిప్పిపంపే వీలు చట్టంలో ఉంది, భార్య అని పీపీవోతో చూపిస్తే ఆ అభ్యంతరానికి అంత బలం ఉండదు. అప్లికేషన్‌లో 3000 అక్షరాలకు మించి పట్టవు, కథంతా రాయకండి. ‘పూర్తి వివరాలు ఇవ్వగలరు’ అని అడిగితే రెండు లైన్ల జవాబు వస్తుంది. పనిచేసిన యూనిట్లు, ప్రతిదానిలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మంజూరైన మెడల్స్, వాటి పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు వివరాలు నమోదు చేసే ఉత్తర్వు) నంబర్లు అని విడివిడిగా అడగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు కాగితాల్ని 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తారు, అది ఆర్మీ నిబంధనే. పెన్షనర్లవి అంతకన్నా ఎక్కువ కాలం ఉంచుతారు గానీ అవీ శాశ్వతం కాదు, అందుకే ఈ నెలలోనే రాసేయండి. కాగితాలు పోయినా ‘లాంగ్ రోల్’ అనే రిజిస్టర్ ఉంటుంది, పేరు, నంబర్, చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ లాంటివి అందులో మిగులుతాయి. దరఖాస్తు చివర ‘డాక్యుమెంట్లు లేని పక్షంలో లాంగ్ రోల్ ఎక్స్‌ట్రాక్ట్ ఇవ్వగలరు’ అని ఒక్క వాక్యం చేర్చండి. మొదటి ప్రశ్న అడిగినవారికి కూడా ఇదే దారి.

తాతగారి యూనిఫాం ఫొటో మసగ్గా ఉంది. ఏఐ యాప్‌లో పెడితే చక్కగా రంగులతో వచ్చింది. రిబ్బన్లు కూడా క్లియర్‌గా కనిపిస్తున్నాయి. వాటిని బట్టి మెడల్స్ కనుక్కోవచ్చా?

వద్దండి, దయచేసి వద్దు. ఆ యాప్ ఫొటోలో ఉన్నదాన్ని శుభ్రం చేయడం లేదు, లేనిదాన్ని ఊహించి గీస్తోంది. రిబ్బన్ చారలూ, టోపీ మీద బ్యాడ్జీ, ఒక్కోసారి ముఖం కూడా దాని ఊహే. పైగా పాతకాలం ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ ఎరుపుని దాదాపు నల్లగా, నీలాన్ని తెల్లగా చూపించేది. నలుపుతెలుపు ఫొటో చూసి రంగు చెప్పడం మనిషికే కష్టం. అసలు ఫొటోని 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి, కాంట్రాస్ట్ మాత్రం పెంచి చూడండి. భుజం మీద ఇత్తడి అక్షరాలు రిబ్బన్ల కన్నా నమ్మకమైనవి, యూనిట్ పేరు అక్కడ ఉండొచ్చు. ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్రో పెన్సిల్ రాతో ఉంటే ఊరూ తేదీ దొరుకుతాయి. రంగుల ఫొటో ఫ్రేమ్ కట్టించుకోండి, అందులో తప్పు లేదు, ఫైల్ పేరులో మాత్రం ‘ఏఐ’ అని రాసి పెట్టండి. రేపు మీ మనవలు దాన్నే అసలుది అనుకుంటారు.

మా నాయనమ్మ తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఎక్కడ పోయారో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఇప్పటికీ ఉన్న నాయనమ్మకు కూడా.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌కి వెళ్లండి. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు ఉన్నాయి, వెతకడం ఉచితం. పూర్తి పేరు కొట్టకండి. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలే ఇచ్చి, ‘ఇండియన్ ఆర్మీ’, ‘రెండో ప్రపంచ యుద్ధం’ అని ఫిల్టర్లు పెట్టి, వచ్చిన జాబితా అంతా ఓపిగ్గా చూడండి. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి, జిల్లా పేర్లు అప్పటి స్పెల్లింగులో ఉంటాయి. సమాధి లేనివాళ్ల పేర్లు స్మారకాల మీద చెక్కారు. బర్మాలో అయితే తౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్, దాని మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి, చాలావరకు భారత సైన్యం వాళ్లవే. మలయా, సింగపూర్ వైపు అయితే క్రాంజీలోని సింగపూర్ మెమోరియల్. ఎంట్రీలో ప్యానెల్ నంబర్ కూడా ఇస్తారు, ఆ గోడ మీద ఆయన పేరు ఎక్కడుందో దాన్నిబట్టి తెలుస్తుంది. మీ నాయనమ్మగారు ఉన్నారని రాశారు కదా, వెతకడానికి కూర్చునే ముందు ఆవిడనే అడగండి, తమ్ముణ్ణి ఇంట్లో ఏమని పిలిచేవాళ్లో, చేరేటప్పుడు బళ్లో రాయించిన పేరు ఏదో.