నడవలో బండలు మార్చడానికి మూడు లక్షల పర్సనల్ లోన్ ఎందుకు?

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు రాసిన ప్రశ్న ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"మాది పాతికేళ్ల కిందటి ఇల్లు. వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా ముప్పై అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు నడవ ఉంది. పక్కన మూడంతస్తుల ఇల్లు లేచాక అందులోకి వెలుతురు రావడం మానేసింది, కింద ఉన్నవేమో నల్లటి కడప బండలు. సాయంత్రం నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పాతిక మంది పిల్లలూ ఆ నడవలోంచే రావాలి, పోవాలి. మూడు బండలు కుంగాయి, మొన్న మా అత్తయ్య కాలు తట్టుకుని పడబోయారు. మేస్త్రిని పిలిస్తే ఎలాగూ పని పెడుతున్నారు కదా, ఇల్లంతా మార్చేసుకోండి అన్నాడు. గదుల్లో ఇటాలియన్ మార్బుల్, నడవలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, మొత్తం 4.60 లక్షలు. మావారికి బ్యాంకు యాప్‌లో 3 లక్షల లోన్ రెడీగా ఉంది, 14 శాతం వడ్డీ, మూడేళ్లు. మిగతాది ఎఫ్‌డీలోంచి తీస్తాం. ఆయన జీతం 46,000, ట్యూషన్ల మీద నాకు 12,000. ఇంటి ఖర్చు 41,000, చీటీ 5,000. ఉన్న ఎఫ్‌డీ 1.90 లక్షలు. నడవకు ఏది వేయిస్తే మన్నుతుంది, డబ్బు ఇలా సర్దుకోవచ్చా?"

సర్దుకోకూడదండీ. మీరు ఫ్లోరింగ్ గురించే ఎక్కువ అడిగారు, దానికీ వస్తాను, కానీ ముందు ఈ లోన్ సంగతి తేలాలి. మీ ఉత్తరాన్నే తీసుకోవడానికి కారణం, ఇదే పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది. అవసరం నూట యాభై చదరపు అడుగులది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే కుంగిన మూడు బండలది. మేస్త్రి ఒక మాట అన్నాడు, బ్యాంకు యాప్‌లో ఒక బటన్ కనబడింది, పని కాస్తా ఇల్లంతటికీ పాకి 4.60 లక్షలయింది. లోన్ రెడీగా ఉండటం ఆ డబ్బు మీకు అవసరమనడానికి గుర్తు కాదు, మీవారి జీతం ప్రతి నెలా ఏ తేదీన పడుతుందో బ్యాంకుకు తెలుసు కాబట్టి ఇస్తామంటోంది, అంతే.

లెక్క మీ అంకెలతోనే చూద్దాం. ఇద్దరి రాబడి 58,000. ఖర్చు, చీటీ పోగా మిగిలేది 12,000. 3 లక్షలకు 14 శాతం మీద మూడేళ్ల ఈఎంఐ సుమారు 10,250. అంటే నెలకు 1,750 మిగులుతుంది, ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి రెండు రక్త పరీక్షలు రాస్తే అదీ ఉండదు. మూడేళ్లలో వడ్డీ కిందే దాదాపు 69,000 కడతారు. మీ నడవకు రెండుసార్లు కొత్త టైల్స్ వేయించగల డబ్బు అది!

అయినా వడ్డీ కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ ఎఫ్‌డీ. మీ ఇంట్లో జీతం ఆగితే ఆదుకునేది అదొక్కటే. ఇంటి ఖర్చు, చీటీ కలిపి నెలకు 46,000 బయటికి పోతోంది, ఆరు నెలలకు 2.76 లక్షలు చేతిలో ఉండాలి. ఉన్నది 1.90. ఇప్పటికే 86,000 తక్కువ. అందులోంచి 1.60 లక్షలు తీసి నేల మీద పరిస్తే మిగిలేది 30,000, అదే సమయంలో ఈఎంఐ చేరి నెల ఖర్చు 56,000 దాటుతుంది. మీవారిది ప్రైవేటు ఉద్యోగమని రాశారు, మూడేళ్లలో రెండు కంపెనీలు మారారట. రేపు మరోసారి మారాల్సి వచ్చి మధ్యలో రెండు నెలలు ఖాళీ వస్తే, మీ ట్యూషన్ల డబ్బు పక్కన పెడితే ఆ 30,000 పదహారు రోజులకు వస్తుంది. పదిహేడో రోజు ఎవరిని అడుగుతారు? క్రెడిట్ కార్డునా? దాని మీద బాకీ మిగిల్చి తిప్పుకుంటూ పోతే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా పడుతుంది. మార్బుల్ పలకను ఊడదీసి అమ్ముకోలేరు కదా.

ఇంటి మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు, ఇంటి విలువ పెరుగుతుంది అని మీ బంధువులు అంటున్నారని కూడా రాశారు. పాతికేళ్ల ఇల్లు కొనేవాడు గజం ధర చూస్తాడు, వీధి వెడల్పు చూస్తాడు, కింద ఏం రాయి వేశారన్నదానికి మీరు పెట్టిన లక్షలు లెక్కగట్టి ఇవ్వడు. మీ సౌకర్యం కోసం వేయించుకోండి, తప్పులేదు, పెట్టుబడి అని మాత్రం సర్దిచెప్పుకోకండి.

లోన్ వద్దంటే వేరే దారులు వెతుకుతారేమో. చీటీ ముందే పాడుకోవడం కూడా అప్పు లాంటిదే, పాటలో వదులుకున్న సొమ్మే వడ్డీ. టైల్స్ షాపులో వడ్డీ లేని ఈఎంఐ అంటే నమ్మకండి, క్రెడిట్ కార్డు మీద సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే తేల్చి చెప్పింది. బంగారం తాకట్టు జోలికీ వెళ్లొద్దు.

ఇప్పుడు నడవ. చీమకుర్తి పక్కనే ఉంది కాబట్టి గెలాక్సీ ముక్కలు చవగ్గా దొరుకుతాయన్నది నిజమే, రాయి గట్టిదే, అరగదు. కానీ అది నల్ల రాయి. వెలుతురు లేని నడవలో నల్ల బండలు తీసి మళ్లీ నల్ల రాయే వేస్తే ఏం మారింది? పైగా అద్దంలా పాలిష్ చేసిన రాయి మీద పాతిక మంది పిల్లల కాళ్ల దుమ్ము, ఎండిన నీటి చుక్కలు అన్నీ కనిపిస్తాయి, వానాకాలం తడి కాళ్లతో వస్తే జారుతుంది, మీ అత్తయ్యగారు రోజూ నడిచే దారి అది. గ్రానైటే కావాలంటే లేత బూడిద రంగుది, పాలిష్ లేకుండా గరుకుగా ఉన్నది చూడండి. మార్బుల్ ఈ ఇంటికి వద్దు, నిమ్మరసం, చింతపండు పులుసు పడితే పాలిష్‌ను తినేసి మచ్చ పడుతుంది, మళ్లీ పాలిష్ ఖర్చు.

మీ నడవకు నేను చెప్పేది రెండడుగుల మ్యాట్ (మెరుపు లేని) విట్రిఫైడ్ టైల్, అంటే నీరు పెద్దగా పీల్చని గట్టి టైల్, ఫుల్ బాడీ రకం. ఇందులో రంగు టైల్ మందమంతా ఉంటుంది కాబట్టి అంచు పెచ్చులు లేచినా తెల్లగా కనబడదు. పైన డిజైన్ ప్రింట్ చేసిన రకం చూడ్డానికి బాగుంటుంది గానీ, చెప్పులతో వచ్చే ఇసుక రోజూ రాపిడి పెట్టే చోట ఆ పై పొర ముందు అరుగుతుంది. మరీ తెలుపు వద్దు, గోధుమ రంగో లేత బూడిదో, సన్నటి చుక్కలున్నది అయితే వెలుతురూ తగ్గదు, మట్టీ వెంటనే కనపడదు. పాత బండల మీదే అతికిస్తామంటే ఒప్పుకోకండి, కింద కుంగిన నేల కుంగినట్టే ఉంటుంది, నడవ ఎత్తు పెరిగి తలుపులు కింద కోయాల్సి వస్తుంది, గది గుమ్మాల దగ్గర కొత్తగా మెట్టు లేచి మళ్లీ అదే కాలు తట్టుకోవడం. బండలు తీయించి, నేల దిమ్మిస కొట్టించి వేయించండి. జాయింట్లలో ఎపాక్సీ (రెజిన్‌తో చేసిన గట్టి పూత) పెట్టించండి, మామూలు తెల్ల సిమెంటు నాలుగు నెలల్లో నల్లబడుతుంది. పని అయ్యాక నాణెంతో ప్రతి టైల్ మీదా తట్టి చూడండి, డొల్లగా మోగితే కింద సిమెంటు పట్టలేదన్నమాట, డబ్బు ఇవ్వకముందే మార్పించండి. అదే బ్యాచ్‌లో ఒక పెట్టె అదనంగా కొని దాచుకోండి, తర్వాత ఆ షేడ్ దొరకదు.

చీకటిని మాత్రం టైల్ ఒక్కటే పోగొట్టదు. గోడలకు లేత రంగు వేసి, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు పెట్టించండి, రోజుకు పన్నెండు గంటలు వెలిగినా నెలకు 15 యూనిట్లు కాదు.

ఖర్చు? తరుగుతో కలిపి 165 అడుగుల టైల్, అడుగు 75 చొప్పున 12,400 దాకా. కూలి, సిమెంటు, ఇసుక, ఎపాక్సీ, పాత బండలు ఎత్తించడం అన్నీ కలిపి 18,000, లైట్లకు 2,000. మీ ఊళ్లో రేట్లు అటూ ఇటూ ఉన్నా 35,000 లోపు తేలాలి. మీ మూడు నెలల మిగులు 36,000. అప్పూ లేదు, ఎఫ్‌డీ ముట్టుకునే పనీ లేదు. నడవ అయ్యాక అదే 12,000 రికరింగ్ డిపాజిట్‌కి మళ్లిస్తే ఎనిమిది నెలల్లో ఆ 86,000 లోటు పూడుతుంది. గదుల సంగతి ఆ తర్వాతే మాట్లాడదాం.

ఆసుపత్రి ఖర్చుకు ఎఫ్‌డీ కరిగిపోకూడదు కాబట్టి ఇంకో మాట. ఆఫీసు హెల్త్ పాలసీలో అత్తయ్యగారి పేరు లేదన్నారు, ఆమెకు విడిగా పాలసీ చూడండి, పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (ఆ లోపు వాటికి క్లెయిమ్ రాదు) ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేయకండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

మూడు నెలలు ఆగాలి కదా అని ఆ కుంగిన బండలను అలా వదిలేయొద్దు. రేపే ఒక మేస్త్రిని పిలిచి ఆ మూడింటినీ ఎత్తించి, కింద ఇసుక సర్ది మళ్లీ కూర్చోబెట్టించండి, ఒక్క రోజు కూలితో పోతుంది. నడవ ఒక్కదానికే ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి, అది 40,000 దాటితే ఒప్పుకోకుండా నాకు పంపండి.