సాలిడ్స్ దగ్గర ఆగిపోతే బ్రాంచి మారాలా?

ప్రశ్న: ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను, బ్రాంచి మెకానికల్. డ్రాయింగ్‌లో పాయింట్లు, లైన్లు, ప్లేన్ల వరకు బాగానే చేశాను. ప్రొజెక్షన్స్ ఆఫ్ సాలిడ్స్ (ఘనాకారాలు ముందు నుంచి, పై నుంచి ఎలా కనబడతాయో గీసే పాఠం) మొదలయ్యాక ఏమీ అర్థం కావడం లేదు. పిరమిడ్‌ను వంచి గీయమంటే ఏ గీత ఎక్కడ పడుతుందో ఊహకు అందదు. స్నేహితురాలి షీట్ చూసి గీసేస్తున్నాను, సొంతంగా చేయాలంటే టెన్షన్. ‘ఊహించుకునే శక్తి పుట్టుకతో రావాలి, నీకు లేదేమో, కంప్యూటర్ సైన్స్‌కి మారిపో’ అంటున్నారు నాన్న. ఎలాగూ ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే గీస్తుంది కదా, చేత్తో గీయడం నేర్చుకోవాలా?

జవాబు: ముందు నాన్నగారి మాట గురించి చెబుతాను. మీ టెన్షన్‌కి సగం కారణం అదేననిపిస్తోంది. వస్తువును మనసులో తిప్పి చూసుకోవడం కొందరికి త్వరగా వస్తుంది, కొందరికి ఆలస్యంగా వస్తుంది. పుట్టుకతో లేకపోతే ఇక రాదన్నది మాత్రం నిజం కాదు. అమెరికాలోని మిషిగన్ టెక్‌లో షెరిల్ సోర్బీ అనే ప్రొఫెసర్ 1990లలో సరిగ్గా ఈ సమస్య మీదే పనిచేశారు. ఇంజనీరింగ్‌లో చేరినవారికి ఒక పరీక్ష పెట్టి, వస్తువుల్ని ఊహలో తిప్పడంలో వెనకబడ్డవారికి విడిగా కోర్సు నడిపారు. ఘనాకారాలను చేత్తో పట్టుకుని చూడటం, స్కేలు లేకుండా స్కెచ్ గీయడం అందులో ముఖ్యమైన పనులు. కోర్సు అయ్యాక వారి స్కోర్లు బాగా పెరిగాయి. విద్యార్థినిగా తానూ డ్రాయింగ్ క్లాసులో ఇబ్బంది పడ్డానని ఆమే చెప్పుకున్నారు. ఈ సంగతి నాన్నగారికి చెప్పండి.

ఇక మీ సంగతి. ప్లేన్ల వరకు బాగా చేశారంటే ప్రొజెక్షన్ అంటే ఏమిటో మీకు తెలుసు. పిరమిడ్ అంతటినీ ఒక్కసారిగా ఊహించాలని చూస్తున్నారు, అక్కడే ఆగిపోతున్నారు. అలా ఊహించాల్సిన పనే లేదు. చదరపు పిరమిడ్ అంటే ఐదు పాయింట్లు. ఆ ఐదింటినీ విడివిడిగా ప్రొజెక్ట్ చేయడం మీకు ఎప్పుడో వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏ అంచు కనబడుతుంది, ఏది దాగుతుంది అన్నది ఒక్కటే. దానికి పుస్తకం కన్నా చేతిలో ఉన్న బొమ్మ బాగా నేర్పుతుంది.

కాబట్టి ముందు అట్టతో ఒక పిరమిడ్ చేయండి. బేస్ భుజం 30 మి.మీ., ఎత్తు 60 మి.మీ. అనుకుందాం. నాలుగు త్రిభుజాలు కత్తిరించేటప్పుడు చాలామంది వాటి ఎత్తు కూడా 60 అనే పెడతారు. అతికించి కొలిస్తే పిరమిడ్ ఎత్తు 58 దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే త్రిభుజం ఏటవాలుగా నిలబడుతుంది. దాని ఎత్తు 61.8 ఉంటేనే పిరమిడ్ 60 ఎత్తు వస్తుంది. తర్వాత వచ్చే డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్ (ఘనం ముఖాలను విప్పి చదునుగా పరిచి గీయడం) పాఠానికి ప్రాణం ఈ ట్రూ లెంగ్తే, అంటే వాలుగా ఉన్న గీత అసలు పొడవే. కత్తెర పట్టుకుని ఒకసారి తప్పు చేస్తే అది ఇక మరిచిపోరు. మూలలకు ఎ, బి, సి, డి అనీ, కొనకు ఒ అనీ పెన్నుతో రాసుకోండి.

తర్వాత ఒక మందపాటి కాగితాన్ని సగానికి మడిచి, ఒక సగాన్ని బల్ల మీద పరచండి, రెండో సగాన్ని గోడలా నిలబెట్టండి. నిలబడ్డది వీపీ (వర్టికల్ ప్లేన్), పడుకున్నది హెచ్‌పీ (హారిజాంటల్ ప్లేన్), మడత ఎక్స్‌వై లైన్. పిరమిడ్‌ను పడుకున్న సగం మీద పెట్టండి. ముందు నుంచి చూస్తే దాని రూపం వెనక గోడ మీద పడుతుంది, పై నుంచి చూస్తే కింద కాగితం మీద పడుతుంది. ఇప్పుడు మడత విప్పి కాగితాన్ని చదును చేస్తే టాప్ వ్యూ ఎక్స్‌వై కిందికి వస్తుంది. ఫస్ట్ యాంగిల్ అంటే ఇంతే. థర్డ్ యాంగిల్‌లో ప్లేన్లు మనకూ వస్తువుకూ మధ్య గాజు పలకల్లా ఉంటాయి కాబట్టి టాప్ వ్యూ పైకి వెళుతుంది. ఈ మడత ఆలోచనను ఒక శాస్త్రంగా నిలబెట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గాస్పార్ మోంజ్. 1760లలో మెజియేర్ సైనిక పాఠశాలలో కోటగోడల లెక్కల కోసం ఈ పద్ధతి కనిపెడితే, సైన్యం దాన్ని చాలా ఏళ్లు రహస్యంగా ఉంచింది. 1795లో గానీ ఆయన దాన్ని బహిరంగంగా బోధించలేకపోయాడు. ఒకప్పుడు యుద్ధ రహస్యంగా దాచుకున్న విద్య ఇప్పుడు మీకు మొదటి సంవత్సరంలోనే చెబుతున్నారు.

ఇక ఒక లెక్క కలిసి చేద్దాం. ఇదే పిరమిడ్, బేస్‌లోని ఒక భుజం హెచ్‌పీ మీద ఆని, యాక్సిస్ (బేస్ మధ్య నుంచి కొన దాకా ఉండే ఊహా గీత) హెచ్‌పీకి 45 డిగ్రీల వాలులో ఉంది. యాక్సిస్ వీపీకి సమాంతరం.

మొదటి స్టేజిలో వాలు సంగతి మరిచిపోండి. పిరమిడ్ మామూలుగా నిలబడి ఉందనుకుని టాప్ వ్యూ గీయండి: 30 భుజంతో చతురస్రం, లోపల రెండు కర్ణాలు, మధ్యలో ఒ. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఏ భుజం మీద ఆనాలో ఆ భుజం, అంటే ఎబి, ఎక్స్‌వైకి లంబంగా ఎడమ పక్కన రావాలి. ఇది తప్పితే మిగతా షీటంతా తప్పుతుంది. లెక్కలో భుజానికి బదులు మూల మీద ఆనాలంటే, ఆ మూలను ఎడమ చివర పెట్టి కర్ణాన్ని ఎక్స్‌వైకి సమాంతరంగా ఉంచాలి. ఫ్రంట్ వ్యూ 30 బేస్, 60 ఎత్తు ఉన్న త్రిభుజం.

రెండో స్టేజిలో ఆ త్రిభుజాన్నే, కొలతలు మార్చకుండా, ఎడమ మూల ఎక్స్‌వై మీద ఉంచి వాల్చి గీయాలి. కుడి అంచు పైకి లేస్తుంది, ఒ ఎడమకు వాలుతుంది. యాక్సిస్‌కు బేస్ లంబం కాబట్టి యాక్సిస్ 45 అయితే బేస్ కూడా 45. అదే యాక్సిస్ 30 అంటే బేస్ 60 అవుతుంది. పరీక్షల్లో యాక్సిస్ కోణాన్ని బేస్‌కి పెట్టేయడం నేను చాలా షీట్లలో చూశాను.

ఇప్పుడు ప్రతి పాయింటుకూ రెండు గీతలు: కొత్త ఫ్రంట్ వ్యూ నుంచి కిందికి ఒకటి, పాత టాప్ వ్యూ నుంచి అడ్డంగా ఒకటి. అవి కలిసిన చోట ఆ పాయింటు. ఐదూ పెట్టాక కొలిచి చూడండి. 30 ఉన్న చతురస్రం ఎక్స్‌వై దిశలో సుమారు 21 మి.మీ.కి కుంచించుకుపోయి ఉండాలి. నిలువుగా మాత్రం 30 అలాగే ఉండాలి. కుడి చివరి నుంచి ఒ దాకా సుమారు 53. ఇవి సరిపోతే పాయింట్లు సరిగ్గా పడ్డట్టే.

ఇక మిగిలింది ఏ గీత ముదురుగా, ఏది డాటెడ్‌గా గీయాలన్నది. ఇప్పుడు పుస్తకం మూసేసి పిరమిడ్‌ను చేతిలోకి తీసుకోండి. ఎబి బల్లకు ఆనించి 45 డిగ్రీలు వాల్చి, ఒక కన్ను మూసుకుని నేరుగా పై నుంచి చూడండి. ఎబి కనబడుతుందా? కనబడదు, అది పిరమిడ్ కింద ఉంది. కాబట్టి ఎబి డాటెడ్. పైకి లేచిన సి, డి మూలల నుంచి ఒ దాకా వెళ్లే అంచులు మీ కంటికి ఎదురుగా ఉన్నాయి, అవి ముదురు. చుట్టూ ఉన్న హద్దు గీత ఎప్పుడూ ముదురే, ఏ ఘనానికైనా. ఇలా నాలుగైదు లెక్కలు చేతిలో బొమ్మతో చేస్తే ఆరో దానికి బొమ్మ అక్కర్లేకుండా కనబడటం మొదలవుతుంది. దగ్గర నుంచి చూస్తే కొన పెద్దదిగా కనబడి మోసం చేస్తుందేమోనని సందేహముంటే, ఫోన్‌ను దూరంగా పెట్టి జూమ్ చేసి ఫొటో తీయండి. దాదాపు షీట్ మీద వచ్చిన రూపమే వస్తుంది.

యాక్సిస్ వీపీకి కూడా వాలి ఉంటే మూడో స్టేజి వస్తుంది. అక్కడ రెండో స్టేజి టాప్ వ్యూనే తిప్పి గీస్తారు. లెక్కలో ‘యాక్సిస్ వీపీకి ఇంత’ అన్నారా, ‘యాక్సిస్ టాప్ వ్యూ ఇంత’ అన్నారా అన్నది రెండుసార్లు చదవండి. రెండోదైతే నేరుగా ఆ కోణంలో తిప్పేయొచ్చు. మొదటిదైతే లైన్ల పాఠంలో చేసినట్టు ముందు కనబడే కోణం కనుక్కోవాలి.

తర్వాత వచ్చే ఐసోమెట్రిక్ (వస్తువు మూడు వైపులూ ఒకే బొమ్మలో కనబడేలా గీయడం) మీకు కష్టం కాదు. ఒక్క గోళం దగ్గర మాత్రం జాగ్రత్త. ఐసోమెట్రిక్ స్కేలులో కొలతలన్నీ సుమారు 0.816 రెట్లు అవుతాయి, కానీ గోళం మాత్రం అసలు వ్యాసార్ధంతోనే వృత్తంగా వస్తుంది. దాని కేంద్రం ఎత్తు మళ్లీ ఐసోమెట్రిక్ స్కేలులోనే కొలవాలి.

సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు. నిజమే, ఆఫీసుల్లో ఇప్పుడు మోడల్ చేస్తే వ్యూలు వాటంతటవే వస్తాయి. వచ్చిన వ్యూ సరైనదా, ఏ వ్యూ చూపిస్తే తయారు చేసేవారికి అర్థమవుతుంది, ఎక్కడ సెక్షన్ కోయాలి అన్నవి మనిషే నిర్ణయించాలి. షీట్ మూలన ఉండే కత్తిరించిన శంకువు గుర్తు ఫస్ట్ యాంగిలా, థర్డ్ యాంగిలా అని చెబుతుంది. అది చూడకుండా చదివితే కుడివైపు బిగించాల్సిన భాగం ఎడమవైపుదై తయారవుతుంది. డిజైన్, షీట్ మెటల్, పైపింగ్, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రాలు), ఇన్‌స్పెక్షన్, ఏ దారిలో వెళ్లినా డ్రాయింగ్ చదవలేనివారు పక్కవారి మీద ఆధారపడాల్సి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను వద్దనను. ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. షీట్ మీద మీరు గీసిన తర్వాత అదే పిరమిడ్‌ను అందులో చేసి, 45 డిగ్రీలు తిప్పి, టాప్ వ్యూ నొక్కి సరిచూసుకోండి. ముందే అందులో చూసి గీస్తే మాత్రం స్నేహితురాలి షీట్ చూసి గీసినట్టే.

ఆ షీట్ సంగతి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. చూసి గీయడం వల్ల మీ చేతికి గీతలు అలవాటయ్యాయి, కంటికి పని తగల్లేదు. ఆమె సాయం తీసుకోండి, కానీ వేరేలా. మొదటి స్టేజి మీరే వేసి, ‘భుజం సరైన వైపు పెట్టానా?’ అని మాత్రం అడగండి.

బ్రాంచి మార్పు గురించి నా అభిప్రాయం స్పష్టమే: ఈ ఒక్క పాఠం కోసం మారొద్దు. యంత్రాలంటే ఆసక్తే లేకపోతే, లేదా ప్రోగ్రాములు రాస్తుంటే టైమే తెలియకపోతే అది మారడానికి మంచి కారణం, అప్పుడు నేనే మారమంటాను. కానీ అక్కడికి వెళ్లినా కంప్యూటర్ గ్రాఫిక్స్, గేమ్‌లు, రోబోటిక్స్ చేయాలనుకుంటే ఇవే ప్రొజెక్షన్లు మాట్రిక్స్‌ల రూపంలో మళ్లీ ఎదురవుతాయి. నాన్నగారిని మూడు వారాలు ఆగమనండి. ఈ మూడు వారాలూ రోజుకు ఒక్క లెక్క, బొమ్మ చేతిలో పెట్టుకుని, ఎవరి షీటూ చూడకుండా చేయండి. మొదట పిరమిడ్, తర్వాత ఆరు భుజాల ప్రిజం, ఆ తర్వాత కోన్. మొదటి రోజు షీట్‌నూ చివరి రోజు షీట్‌నూ పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించి, బ్రాంచి మాట అప్పుడు మాట్లాడండి.