మబ్బు పడితే చాలు, బాబు వణికిపోతున్నాడు

ప్రశ్న: 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు మేము విజయవాడ సింగ్‌నగర్‌లోనే ఉన్నాము. ఇల్లు మునిగిపోతే, పడవ వచ్చేవరకు పక్కవారి మేడ మీద తలదాచుకున్నాము. ఇప్పుడు మా బాబుకు ఎనిమిదేళ్లు. మబ్బు పడితే చాలు, గడప దగ్గర కూర్చుని తలుపు కింది సందులో వేలు పెట్టి తడి తగులుతుందేమోనని చూస్తుంటాడు. వాన పెరిగితే ఏడుపు అందుకుంటాడు, ఊరుకోబెట్టబోతే చెల్లెల్ని కొడతాడు. ఈ వానలతో రాత్రిళ్లు పక్క తడపడం కూడా మళ్లీ మొదలైంది. మావారు ‘మగపిల్లాడివై ఉండి ఏడుస్తావా’ అని కసురుతున్నారు. ఇక వరద రాదని నేను ఎంత చెప్పినా వాడు నమ్మడం లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ బాబు మొండితనంతో ఇలా చేయడం లేదు. ఇంట్లోకి నీళ్లు రావడం కళ్లారా చూసిన పిల్లవాడికి వాన చప్పుడు వినగానే ఆ రోజు మళ్లీ వచ్చినట్టే ఉంటుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, ఆ బాధను మాటల్లో చెప్పలేక చేతులతో చెబుతాడు. పెద్ద ఆపద చూసిన పిల్లల్లో ఎప్పుడో మానేసిన పక్క తడపడం తిరిగి రావడం కూడా తరచుగా కనిపించేదే. దుప్పటి మార్చి, ఆ సంగతి నలుగురిలో ఎత్తకుండా ఉంటే చాలు.

‘ఇక వరద రాదు’ అన్న మాటను దయచేసి మానేయండి. అది మన చేతిలో లేని హామీ అని వాడికి తెలుసు కాబట్టే నమ్మడం లేదు. అంతకన్నా నిజం చెప్పడమే మేలు. ఒక కాగితం మీద బుడమేరును, వెలగలేరు దగ్గర నుంచి వచ్చే మళ్లింపు కాలువను, మీ వీధిని వాడి చేతనే గీయించండి. గట్టుకు గండ్లు పడడం వల్ల నీళ్లు వచ్చాయని, సైన్యం కూడా వచ్చి ఆ గండ్లను పూడ్చిందని వేలు పెట్టి చూపించండి. మళ్లీ నీళ్లు వస్తే ఎవరి మేడ ఎక్కాలో, ఎవరు ఎవరి చేయి పట్టుకోవాలో, సంచిలో ఏమేమి పెట్టుకోవాలో కలిసి అనుకోండి. టార్చిలైటు సర్దే పని వాడికే అప్పగించండి. చేయడానికి తన వంతు పని ఒకటి ఉందని తెలిసిన పిల్లవాడికి భయం పూర్తిగా పోకపోయినా, దాని ముందు నిస్సహాయంగా నిలబడవలసిన అవసరం తగ్గుతుంది.

ఏడుపు మొదలైనప్పుడు ఉపదేశాలు పనిచేయవు. పక్కన కూర్చుని, ‘వాన చప్పుడుకు భయమేస్తోంది కదా, నేను ఇక్కడే ఉన్నాను’ అని నెమ్మదైన గొంతుతో చెప్పి, వాడు ఒప్పుకుంటే వీపు నిమరండి. వేడి పాలను ఊది చల్లార్చినట్టు మెల్లగా, పొడవుగా ఊపిరి వదలడం నేర్పండి. అయితే అది వాన లేని రోజున ఆటగా అలవాటు చేయించవలసిన విషయం, భయం కమ్ముకున్న క్షణంలో కొత్తగా నేర్పితే వంటబట్టదు. చెల్లెలి మీద చేయి ఎత్తితే మాత్రం ఆ చేయి పట్టుకుని ఆపండి. ‘నీకు కోపం వచ్చింది, అది తప్పు కాదు, కానీ కొట్టనివ్వను’ అని చెప్పండి. తర్వాత ఆ పాపను కూడా ఒడిలోకి తీసుకోండి. అన్న భయం చూసి ఆమె కూడా బెదిరిపోయి ఉంటుంది.

మీవారితో బాబు లేనప్పుడు మాట్లాడండి. కసిరితే ఏడుపు ఆగినట్టు కనబడవచ్చు, కానీ వాడు భయాన్ని దాచుకోవడం నేర్చుకుంటాడు, మనకు అది ఇంకా ప్రమాదం. ఆ రోజు నాకు కూడా భయమేసిందని తండ్రి నోటి నుంచి ఒక్కసారి వింటే ఆ పిల్లవాడికి కలిగే ఊరట నేను చెప్పే ఏ ఉపాయం వల్లా కలగదు. బహుశా మీవారు కూడా ఆ సంగతి ఇంతవరకు ఎవరితోనూ అని ఉండరు.

వానాకాలమంతా తిండి, బడి, నిద్ర వేళలు తప్పకుండా చూడండి. టీవీలో, ఫోనులో వరద దృశ్యాలు పదే పదే వాడి కంట పడనీయకండి. వరద వచ్చి చాలా కాలమైనా ఇన్ని లక్షణాలు ఉన్నాయి కనుక ఒకసారి పిల్లల మానసిక వైద్యులకు చూపించమనే నా సలహా. పీడకలలు, బడికి వెళ్లనని మొరాయించడం, తిండి మానేయడం వంటివి కూడా ఉంటే అసలు ఆలస్యం చేయవద్దు. ముందుగా ఇంటి నుంచే మాట్లాడాలనుకుంటే మానసిక సమస్యలకు ఫోనులో సలహా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.