ఎత్తు పెరగని బాబుకు హార్మోన్ ఇంజెక్షన్లు వేయించాలా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. చేతులు, కాళ్లు పొట్టిగా ఉన్నాయని వరంగల్‌లో చూపిస్తే, పరీక్షలు చేసి ఎకాండ్రోప్లేసియా (ఎముకలు సరిగా పొడవు పెరగని జన్యు సమస్య) అన్నారు. మేమిద్దరం మామూలు ఎత్తే. గ్రహణం పట్టిందని మా అత్తమ్మ అంటున్నది. బంధువులు గ్రోత్ హార్మోన్ వేయించమంటున్నారు. ఏం చేయాలి?
— ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఇందులో మీ తప్పూ లేదు. ఎముకల చివర ఉండే మృదులాస్థి (మెత్తటి ఎముక) పెరుగుదలను అదుపు చేసే ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌3 అనే జన్యువు, తనలో వచ్చిన మార్పు వల్ల అవసరానికి మించి అడ్డుపడుతుందని 1994 నుంచి పరిశోధకులకు తెలుసు. ఇలాంటి పిల్లల్లో సుమారు 80 శాతం మంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే పుడతారు. హార్మోన్ లోపం కారణం కాదు కనుక, ఆ ఇంజెక్షన్ల కోసం దయచేసి అప్పు చేయకండి.

ఆ అడ్డును కొంత సడలించే వోసోరిటైడ్ అనే మందుకు 2021లో అమెరికా, ఐరోపాల్లో అనుమతి లభించింది. రోజూ చర్మం కింద వేసే ఈ ఇంజెక్షన్‌తో, ప్రయోగంలో పిల్లలు ఏడాదికి సగటున 1.6 సెంటీమీటర్ల మేర అదనంగా పెరిగారు. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ.

ఎత్తు కన్నా ముందు చూడాల్సింది మరొకటుంది. పుర్రె అడుగున వెన్నుపాము దిగే రంధ్రం ఈ పిల్లల్లో ఇరుకుగా ఉండి వెన్నుపాము నొక్కుకుపోవచ్చు కాబట్టి, బాబు గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా, కాళ్లలో పట్టు తగ్గినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.