పది సెకన్లలో డబ్బు పడాలంటే చట్టం కావాలా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తానండి. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు, అక్కడ ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా 10 సెకన్లలో డబ్బు పడాల్సిందేనని చట్టం చేశారంట. మనకి యూపీఐ బలవంతం లేకుండానే వచ్చింది కదా, వాళ్లకెందుకు ఇది? ఇంకోటి, మొన్న ఒక రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా అయ్యాక, మేం ఆయనకి ఐఎంపీఎస్‌లో (అప్పటికప్పుడు బ్యాంకు ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) 42 వేలు కొడితే మా ఖాతాలో కట్ అయింది, ఆయనకి పడలా. పట్టీ (సరుకు లెక్క చీటీ) చేత్తో పట్టుకుని సాయంత్రం దాకా కొట్టు ముందే కూర్చున్నాడు పాపం. ఇలాంటప్పుడు ఏం చేయాలి?
- ఒక గుమస్తా, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండి, కాకపోతే అది ఒక్క జర్మనీది కాదు, యూరోపియన్ యూనియన్ మొత్తానికి 2024లో తెచ్చిన చట్టం. 10 సెకన్ల పద్ధతి అక్కడ 2017 నవంబర్ నుంచే ఉంది, కానీ చేరడం బ్యాంకు ఇష్టం, దాంతో చాలా బ్యాంకులు చేరలేదు, చేరినవాటిలో కొన్ని ఎక్స్‌ట్రా చార్జీ వేసేవి, ఇంక జనం ఎందుకు వాడతారు? అందుకే మామూలు ట్రాన్స్‌ఫర్ కంటే దీనికి ఎక్కువ తీసుకోకూడదని చట్టంలోనే రాసేశారు.

అందులో నాకు బాగా నచ్చింది వరస. యూరో వాడే దేశాల్లో బ్యాంకులన్నీ 2025 జనవరి 9కల్లా డబ్బు తీసుకోవడానికి రెడీ అవ్వాలి, పంపడానికి మాత్రం అక్టోబర్ 9 దాకా టైమిచ్చారు. మీ బ్యాంకు ఎంత స్పీడుగా పంపినా అవతల బ్యాంకు అందుకోకపోతే రైతు అలా కూర్చోవాల్సిందే కదా, అందుకే బలవంతం చేయడమే కరెక్టని నేనంటాను. బ్రెజిల్ కూడా 2020 నవంబర్‌లో పిక్స్ అనే ఇలాంటి పద్ధతే తెచ్చినప్పుడు 5 లక్షల ఖాతాలు దాటిన సంస్థలన్నీ చేరాల్సిందేనంది. అమెరికాలో 2023లో వచ్చిన ఇలాంటి పద్ధతి ఫెడ్‌నౌలో చేరడం బ్యాంకుల ఇష్టం, అందుకే ఇంకా అన్ని బ్యాంకులూ అందులో లేవు.

మన ఐఎంపీఎస్ 2010లో, యూపీఐ 2016లో వచ్చాయి. అయితే మనకి బలవంతమే లేదనుకోకండి, అది వేరే చోట ఉంది, మీకు పనికొచ్చేదీ అదే. 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఐఎంపీఎస్‌లో గానీ యూపీఐలో గానీ మీ దగ్గర కట్ అయి అవతల పడకపోతే, మర్నాటికల్లా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. లేటైతే రోజుకి 100 రూపాయలు, అదీ మీరు అడక్కుండానే మీ ఖాతాలో వేయాలి! ఈ సంగతి చాలామందికి తెలీదు, బ్యాంకుల్లోనూ మనం కదపకపోతే ఎవరూ చెప్పరు. రిఫరెన్స్ నంబర్‌తో బ్యాంకుకి రాసివ్వండి, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి, ఆన్‌లైన్‌లో ఫ్రీగానే పెట్టొచ్చు, డౌటుంటే 14448కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఫోన్ నంబర్‌లో ఒక అంకె తప్పు కొట్టి ఎవరికో యూపీఐ పంపేశాను. ఆ 100 రూపాయల రూలు నాకూ వర్తిస్తుందా అండీ?
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: వర్తించదమ్మా, మీ డబ్బు మధ్యలో ఇరుక్కోలేదు, ఒకరి ఖాతాలో చేరిపోయింది. యాప్‌లో కంప్లయింట్ పెట్టి వెంటనే మీ బ్యాంకుకీ చెప్పండి, అవతలి మనిషి ఒప్పుకుంటేనే వెనక్కొస్తుంది. నంబర్ కొట్టగానే స్క్రీన్ మీద పేరొస్తుంది చూడండి, పిన్ కొట్టేముందు అది చదవాలి. ఒకవేళ ఎవరైనా మోసం చేసి వేయించుకుంటే మాత్రం బ్యాంకు తెరిచేదాకా ఆగకుండా అప్పటికప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.