మా వారి డైరీ చింపి బొమ్మ చేశాను, అమ్మాయి మాట్లాడటం మానేసింది

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మా వారు పోయి ఐదేళ్లు, నేను రిటైరై మూడేళ్లు. పొద్దుపోక బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. రంగులతో పాటు గుడ్డముక్కలు, పాత టికెట్లు, దారాలు, బొత్తాలు కూడా అతికిస్తాను. ఈమధ్య మా వారి చొక్కా జేబు, ఆయన డైరీలో రెండు పేజీలు కలిపి ఒకటి చేశాను. అది చూసి మా అమ్మాయి ‘నాన్న గుర్తుల్ని కత్తిరించేస్తున్నావా’ అని ఏడ్చింది. నెల నుంచీ ముభావంగా ఉంటోంది. క్లాసులో టీచరేమో ‘అన్నీ కలగాపులగం చేస్తున్నారు, ఏదో ఒకటి పట్టుకోండి’ అంటారు. ఈ వయసులో నాకిదంతా అవసరమా?

జవాబు: టీచరు మాట ఓ వారం ఆగినా ఫర్వాలేదమ్మా. ముందు అమ్మాయి సంగతి చూద్దాం.

చొక్కా విషయంలో మీ తప్పేమీ లేదు. డైరీ విషయంలో మాత్రం కొంత ఉంది. చొక్కాలు ఇంకో నాలుగు ఉండి ఉంటాయి, ఆ పేజీలు మళ్లీ రావు. మీ అమ్మాయి ఆ డైరీని ఏనాడూ తెరిచి ఉండకపోవచ్చు. అయినా అది బీరువాలో ఉందన్న ధీమాతో ఐదేళ్లు గడిపింది. మీరు ఆ పేజీలు అతికిస్తూ ఆయనతో ఓ సాయంత్రం గడిపారు. ఆ సాయంత్రం ఆమెకు కనబడలేదు, కత్తెర కనబడింది.

ఫోన్లో సంజాయిషీ చెప్పకండి, మధ్యవర్తులనూ పంపకండి. ఇంటికి పిలిచి మిగిలిన డైరీ ఆమె చేతిలో పెట్టండి. ‘అడగకుండా చింపాను, తప్పే. ఇక ఇది నీ దగ్గరే ఉంచు. నాకు కావాలంటే కాపీ తీసివ్వు’ అనండి. ఆ కాపీ లేజర్ ప్రింటరు మీద తీయించమనండి. ఇంక్‌జెట్ ప్రింటు మీద తడి జిగురు పడితే అక్షరాలు అలుక్కుపోతాయి. అతికించిన రెండు పేజీలను పీకి వెనక్కివ్వాలని మాత్రం చూడకండి. ఆరిపోయిన జిగురు కాగితాన్ని వదలదు, ఉన్నదీ పోతుంది.

ఇక టీచరు. ఆయన చెప్పింది సగం నిజం. నూనె రంగుల మీద అక్రిలిక్ వేస్తే పెచ్చులూడుతుంది, న్యూస్‌పేపరు కొన్నాళ్లకే పచ్చబడుతుంది, పల్చటి కాగితం బొత్తాల బరువుకు ముడతలు పడుతుంది. ఇలాంటివి ఆయన చెబితే వినండి, మారు మాట్లాడకండి. కానీ రకరకాల వస్తువులు కలపడమే తప్పంటే ఒప్పుకోను. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్‌ను బొమ్మలో అతికించి, చుట్టూ తాడు బిగించాడు. జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ ట్రామ్ టికెట్లు ఏరి అతికించాడు. మీ టికెట్లకు అంత పాత చుట్టరికం ఉంది!

‘ఏదో ఒకటి పట్టుకోండి’ అన్న మాటను మాత్రం వదిలేయకండి. పట్టుకోవాల్సింది ఒక వస్తువును కాదు, ఒక విషయాన్ని. మేరీ డెలానీ అని 1700లో పుట్టిన ఇంగ్లీషావిడ. రెండో భర్త 1768లో పోయారు. 72వ ఏట రంగు కాగితాలను సన్నగా కత్తిరించి, నల్లటి కాగితం మీద పూలుగా అతికించడం మొదలుపెట్టింది. అవసరమైన చోట నీటిరంగు అద్దేది, ఒక్కోసారి నిజం ఆకునే అంటించేది. ఏ వస్తువు వాడినా పట్టుకున్నది పూలనే. చూపు తగ్గి ఆపేసేనాటికి దాదాపు వెయ్యి బొమ్మలయ్యాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మీరూ ఆ జేబునే పట్టుకుని పది బొమ్మలు చేసి చూడండి. మూడో దానికి విసుగొస్తుంది, ఆగకండి. ఏడో ఎనిమిదో బొమ్మకు మీ చేతి తీరు ఏమిటో మీకే తెలియడం మొదలవుతుంది.

ఈ వయసులో అవసరమా అన్నారు. ఒంటరితనం గురించి ఒక్క ముక్కతో సరిపెట్టి, బొత్తాలు ఏ డబ్బాలోంచి తీశారో, ఏది ఏ చొక్కాదో అర పేజీ రాశారు (చోటు చాలక ఇక్కడ కుదించాను). మీ ప్రశ్నకు జవాబు ఆ అర పేజీలోనే ఉంది.

అమ్మాయి వచ్చే రోజున ఆ బొమ్మను గోడ మీంచి తీసి దాచకండి. జేబు పైవైపు అంటించకుండా తెరిచే ఉంచానని రాశారుగా. లోపల వేలు పెట్టి చూస్తుందేమో, చూడనివ్వండి.