ఊరు చూశాం సరే, రాయడమెలా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం ఒకేరోజు చూసి వస్తాం. ఇంటికొచ్చి రాద్దామని కూర్చుంటే ‘ప్రశాంతంగా ఉంది, శిల్పాలు అద్భుతం’ దగ్గరే కలం ఆగిపోతోంది. ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, ఆమదాలవలస

జవాబు: ఇంటికొచ్చాక రాయడంలోనే ఉంది చిక్కు. రాత్రికల్లా మూడు గుళ్లూ కలగాపులగమవుతాయి, ఏ స్తంభం ఎక్కడిదో గుర్తుండదు, మిగిలేది మెచ్చుకోలే. బయల్దేరేముందు అక్కడే ఓ అరుగు మీద పది నిమిషాలు కూర్చోండి. పైన తేదీ, టైము, ఎటు తిరిగి కూర్చున్నారో రాయండి. కింద కంటికి కనబడినవీ చెవిన పడినవీ మాత్రమే. ‘అద్భుతం’ అనబోతే ఆగి, దేన్ని చూసి అలా అనిపించిందో దాన్నే రాయండి.

శ్రీకూర్మంలో మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉంటుంది, ధ్వజస్తంభాలు రెండు. ఈ రెండు సంగతులూ పట్టుకుంటే చాలు, జనం ఎటు నడుస్తున్నారో, ఎక్కడ ఆగి దణ్ణం పెడుతున్నారో కళ్లబడుతుంది. ముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు మూడు. మూడింటికీ సమంగా పంచొద్దు. సోమేశ్వరుడి గుడి గోడ ఒక్కదాని ముందు నిలబడి, అడుగు నుంచి పైదాకా ఉన్నది వరసగా రాయండి. మిగతా రెండింటికీ చెరో వాక్యం సరిపోతుంది.

అరసవల్లి దగ్గర మాత్రం జాగ్రత్త. మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో పొద్దుటి ఎండ స్వామి పాదాలను తాకుతుందని అందరికీ తెలుసు గనక, చూడనివాళ్లూ చూసినట్టే రాసేస్తారు. మార్చి విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) పదిరోజుల ముందు, సెప్టెంబరు విషువత్తు దాటిన పదిరోజులకు సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా, దాదాపు ఒకే చోట పొడుస్తాడు. అందుకే ఏడాదికి రెండుసార్లు. మబ్బు పట్టిందా, కిరణం లేదు. మబ్బు పట్టిందనే రాయండి. అప్పుడు క్యూలో ఎవరేమన్నారో అదే ఆ రోజు మీ పేజీ.

ప్రశ్న: శ్రీకూర్మం స్తంభాల మీది శాసనాలు రాసుకోవాలని ఉంది. సుద్దపొడి రుద్దితే అక్షరాలు తేలతాయంటున్నారు, నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, నరసన్నపేట

జవాబు: రుద్దొద్దు. పొడి గాడుల్లో ఇరుక్కుంటే దాన్ని గోకి తీసేటప్పుడు రాయి పోతుంది. నూనె అసలే వద్దు. ముందు అడిగి, ఫొటోకి ఒప్పుకుంటే టార్చిని రాతికి పక్కనుంచి ఏటవాలుగా పట్టండి. గాడిలో నీడ పడి అక్షరం తేటపడుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఆ నీడే ఉండదు. ఏ గుమ్మం నుంచి ఎన్నో స్తంభం, ఏ ముఖం, ఎన్ని పంక్తులు అన్నవి ముందు రాసుకోండి. పోల్చుకోలేని అక్షరం చోట చుక్కలు పెట్టండి, ఊహించి పూరించకండి. శ్రీకూర్మం, ముఖలింగం శాసనాల పాఠాలు ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ 5వ సంపుటిలో ఉన్నాయి, సరిచూసుకోవచ్చు. శకవర్షం కనబడితే 78 కలపండి, ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది.

ప్రశ్న: పొందూరు వెళ్లి ఖద్దరు పనివాళ్లను పలకరిస్తే ‘బాగుందండి’ అని ఊరుకుంటారు. ఏం రాయను?
– ఉపాధ్యాయురాలు, రాజాం

జవాబు: ‘మీకెలా ఉంది’ అనడిగితే అంతే మరి! చేతిలో ఉన్నదాని గురించి అడగండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దువ్వితే ఏం రాలుతోంది, ఆ దవడే ఎందుకు, అరిగిపోతే ఏం చేస్తారు? ఈ మూడింటికే అరపేజీ నిండుతుంది. పని మాత్రం ఆపించకండి. కూలి చెబితే అది రోజుకో, చిలపకో (నూలు చుట్టకో) కూడా రాసుకోవాలి, లేకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు. ‘ఎల్లిపోనారు’ అన్నదాన్ని ‘వెళ్లిపోయారు’ అని దిద్దకండి. పేర్లు మాత్రం వాళ్లు సరేనంటేనే.

ప్రశ్న: కళింగపట్నం బీచ్‌లో రాసిందంతా అలుక్కుపోయింది. ఏ పెన్ను మంచిది?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: జెల్ పెన్ను సిరా చాలావరకు నీటిది, తడి తగిలితే పాకుతుంది. బాల్ పెన్ను నయం, హెచ్‌బీ పెన్సిలు ఇంకా నయం. స్పైరల్ పుస్తకమైతే సంచిలో తీగ వంగి కాగితాలు ఊడతాయి, కుట్టు బైండింగుది కొనండి. కుడి పేజీ చూసినవాటికి, ఎడమ పేజీ విన్నవాటికి ఉంచితే రెండూ కలవవు. పుస్తకం తడిస్తే ఎండలో పడేయకుండా, పేజీల మధ్య న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టండి. ముక్కలు తడిసినప్పుడల్లా మార్చాలి.